నా స్టాండు కోసినవాడికి

జూన్ 19

నా స్టాండు కోసేశావు. నేను కాలికి పిండికట్టు వేయించుకుని ఆసుపత్రిలో పడి ఉంటే, నువ్వు దొంగలా ఇంటికొచ్చి, కట్టరు మిషను పెట్టి, దాన్ని ముక్కలు చేసి గోనెసంచిలో వేసుకుపోయావు.

పైన 'అన్నయ్యా' అని లేదు చూశావా? మర్చిపోయి కాదు.

నిన్న నన్ను ఇంటికి తెచ్చారు. గదిలో నేలంతా నిప్పురవ్వలు పడి మాడిన నల్లచుక్కలు. కిటికీ తెరకి చిల్లులు. "వాడు ఏడుస్తూ కోశాడే" అంటుంది అమ్మ. ఏడుస్తూ కోస్తే మళ్ళీ అతుక్కుంటుందా? చేతికందిన మంచినీళ్ళ చెంబు గోడకేసి కొట్టాను. అది సొట్టపోయింది. అమ్మ దాన్ని తీసి పక్కన పెట్టింది, ఇంకా చేతికందేవి ఏమున్నాయో చూసి అవీ దూరం జరిపింది.

దాన్ని చేసింది నువ్వే. లారీ జాకీ హ్యాండిలు పెట్టి, తిప్పితే మనిషి కుర్చీలోంచి పైకి లేచేలా చేశావు. పాదాల కింద ఇనుప పలక, మోకాళ్ళకి అడ్డంగా మెత్త, నడుం వెనక పట్టీ. పార్సిల్ లారీలో వేసి పంపి, ఏ బోల్టు ఎక్కడ బిగించాలో కాగితం రాశావు. నన్ను అందులో నిలబడగా మాత్రం ఒక్కసారి కూడా చూడలేదు. చూడనివాడివి, కోయడానికి మాత్రం పద్నాలుగు గంటలు ప్రయాణం చేసి వచ్చావు.

నా కాలు విరిగింది. అది నా కాలు. మూడేళ్ళ క్రితం అటక మీది పలక విరిగి, గుడ్డల మూటతో సహా కిందపడి నడుం విరిగి కాళ్ళు చచ్చుబడినప్పుడూ అది నా నడుమే. ఆ అటకని ఎవరూ కోయలేదు. నా స్టాండు ఒక్కటే దొరికిందా నీకు?

ఫోను చేయకు. ఎత్తను. ఫోనులో నేను అరిస్తే నువ్వు పెట్టేస్తావు. కాగితమైతే చివరిదాకా చదవాల్సిందే.

ఎందుకు కోశావో రాయి.

కటింగ్ టేబుల్ దగ్గర ఉండాల్సిన మనిషి


జూన్ 30

ఒసేయ్ కత్తెరా,

తిట్టు. నీ తిట్లు తింటే నాకు ఒక పూట అన్నం మిగులుతుంది. ఇక్కడి క్యాంటీనులో పెట్టేదానికంటే అవే నయం.

అమ్మ ఫోను చేసి "స్టాండులో ఉండగానే కాలు పుటుక్కున విరిగింది" అంది. నేను అప్పుడు ట్యాంకు లోపల వెల్డింగులో ఉన్నాను. బయటికొచ్చి, మాస్కు కూడా అక్కడే పారేసి బస్సెక్కాను. ఆసుపత్రిలో నువ్వు మత్తుమందుకి నిద్రపోతున్నావు. ఎముకల డాక్టరమ్మ నన్ను పక్కకి పిలిచి, "మూడేళ్ళు బరువు మోయని ఎముక గాజుగ్లాసు లాంటిది. ఏ పరీక్షా లేకుండా ఎవరయ్యా ఈ అమ్మాయిని నిలబెట్టింది?" అంది. నేనే అని చెప్పలేకపోయాను. "ఎవరో మేడమ్" అన్నాను.

నీ టైలరు షాపు వాళ్ళు స్టాండుని ఇంటికి చేర్చి ఉంచారు. వెళ్ళి దాన్ని కోశాను. కోపంతో అనుకుంటున్నావా? మొదట కారణం వెతకడానికి. ఏ జాయింటు వదిలిందో చూద్దామని ఒక్కొక్కటీ కోసి వెలుతురులో పెట్టి చూశాను. ఒక్కటి వదల్లేదు. ఒక్క పైపు వంగలేదు. అంటే నేను చేసిన ఇనుము అంత గట్టిగా నిలబడి నీ కాలు విరిచింది. అది తెలిశాక మిగతాదంతా కోపంతోనే కోశాను.

చెల్లీ, నా మాట విను. మళ్ళీ నిలబడే ఊసెత్తకు. కుర్చీలో కూర్చుని బతకలేవా? బొత్తాలు కుట్టు, కాజాలు కుట్టు, నీ చేతికి పని కొరత లేదు. షాపు మాస్టరు మంచివాడు.

ఇంకో స్టాండు నా చేత్తో చేయను. ఇది చివరి మాట.

కాలు ఎత్తులో పెట్టుకో. మాత్రలు మింగు.

అన్నయ్య


జూలై 8

'కూర్చుని బతకలేవా' అని రాశావు. ఆ మాట నీ నోట్లోంచి ఎదురుగా వచ్చి ఉంటే నా గజంబద్ద నీ వీపు మీద రెండు ముక్కలయ్యేది.

కూర్చుని ఎలా బతికానో నీకు చెప్తాను విను. మూడేళ్ళు మనుషుల ముక్కు రంధ్రాలు చూస్తూ బతికాను. షాపుకొచ్చే ప్రతివాడూ నా తల మీదుగా మాస్టరుతో మాట్లాడేవాడు. "ఆ అమ్మాయికి చెప్పండి, చేతులు కొంచెం పొట్టిగా పెట్టమని." ఆ అమ్మాయి చెవులు వాడి బెల్టు ఎత్తులో ఉన్నాయి, అయినా మాస్టరే చెప్పాలి. పిర్రల కింద పుండ్లు. ఒకటి మానితే ఒకటి. సాయంత్రమయ్యేసరికి కాళ్ళు వాటంతటవే బిగుసుకుని ఎగిరిపడి కుర్చీ ముందు పలకని తన్నేవి. నాలుగు రోజులకోసారి గానీ కడుపు ఖాళీ అయ్యేది కాదు. మూత్రం మంట, జ్వరం, సూదిమందు, మళ్ళీ మంట. ఇవన్నీ అన్నకి రాసే సంగతులా అని ఇన్నాళ్ళూ రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను. చదువు.

స్టాండెక్కిన మొదటి రోజు రెండు నిమిషాలకి కళ్ళు చీకట్లు కమ్మి స్పృహ తప్పాను. అమ్మ కేకలకి వీధంతా వచ్చింది. రెండో రోజు ఐదు నిమిషాలు. రెండో వారం అరగంట. పుండ్లు ఎండిపోయాయి. కడుపు మామూలుగా పనిచేసింది. కాళ్ళు ఎగిరిపడటం సగానికి తగ్గింది. నిండుగా ఊపిరి పీలిస్తే ఎక్కడిదాకా వెళ్తుందో మర్చిపోయి ఉన్నాను, అది గుర్తొచ్చింది.

తర్వాత స్టాండుని షాపుకి చేర్పించాను. కటింగ్ టేబుల్ ఎత్తు నీకు తెలుసు. కూర్చున్నదానికి గడ్డం దాకా వస్తుంది. నిలబడి దాని మీద గుడ్డ పరిచి, సుద్ద గీసి, పెద్ద కత్తెరతో ఒక్క ఊపున భుజం నుంచి అంచు దాకా కోశాను. మూడేళ్ళ తర్వాత. మాస్టరు పక్కన నిలబడి చూస్తున్నాడు. ఆయనకి నడినెత్తి మీద రూపాయి బిళ్ళంత బట్టతల ఉందని ఆ రోజే చూశాను. "మాస్టరూ, మీ నెత్తి మీద చంద్రుడు పొడిచాడు" అన్నాను. షాపంతా నవ్వింది. ఆయన చెయ్యి పెట్టి కప్పుకున్నాడు. అప్పట్నుంచి కొలతలివ్వడానికొచ్చినవాళ్ళు నా మొహం చూసి మాట్లాడారు. నలభై రోజులు నేను మనిషిని.

ఇప్పుడు ఆ టేబుల్ దగ్గర ఇస్త్రీ చేసే పొడుగోడు నిలబడ్డాడు. వాడికి కటింగ్ నేర్పిస్తున్నారు. నేను కట్టుకాలుతో బొత్తాలు కుడుతున్నాను. మొన్న వాడు దారికి అడ్డంగా ఉన్నానని, నన్ను అడక్కుండా నా కుర్చీని బీరువాని జరిపినట్టు పక్కకి తోసేశాడు. గజంబద్ద తీసి మూతి మీద కొట్టాను. పెదవి చిట్లి రక్తం కారింది. "కుంటిదానికి ఎంత పొగరే" అన్నాడు. రెండోది చెవి మీద పడింది. మాస్టరు మా మధ్యకొచ్చి నన్నే తిట్టాడు. తిట్టి, తర్వాత మెల్లగా అన్నాడు: "అమ్మాయ్, అక్టోబరు పదిహేనున కోట్లు కుట్టే ఆర్డరు మొదలవుతుంది. అప్పటికి నిలబడగలిగితే టేబుల్ నీది. లేకపోతే వాడిది. ఆ తర్వాత నన్నడక్కు."

నువ్వు చేయకపోతే మానెయ్. వీధి చివర కిటికీ ఊచలు చేసే గ్రిల్లు షాపతను ఉన్నాడు. వాడి చేత చేయించుకుంటాను.

నీ చెల్లెలు (రాయడానికి కూడా చెయ్యి రావట్లేదు)


జూలై 22

కత్తెరా,

గ్రిల్లు షాపు వాడి నంబరు అమ్మ దగ్గర తీసుకున్నాను. "మా చెల్లికి గొట్టం ముక్క అతికించినా సరే, వచ్చి నీ పది వేళ్ళూ పట్టకారుతో విరుస్తాను" అని చెప్పాను. నేను విరుస్తానని వాడు నమ్మాడు. నీకు చెప్పకుండా దాచడం నాకు చేతకాదు కాబట్టి నేనే చెప్తున్నాను.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. పుండ్ల సంగతి నాకు తెలియదు. నువ్వెప్పుడు ఫోనులో మాట్లాడినా బాగానే ఉన్నానన్నావు. అది అబద్ధమైతే, స్టాండు వల్ల బాగుందన్నదీ అబద్ధం కాదని నాకేం నమ్మకం? మొండితనంతో రాస్తున్నావేమో. చిన్నప్పుడు పన్ను ఊడి రక్తం కారుతున్నా నొప్పి లేదని నవ్విన రకానివి నువ్వు.

నా సంగతీ విను. ఇక్కడికి తిరిగొచ్చాక పైపులూ స్పాంజీ అమ్మిన షాపుకెళ్ళి, మెత్తలో పెట్టిన స్పాంజి ముక్క వాడి మొహాన విసిరి, కౌంటరు మీదుగా లాగి కొట్టాను. మెత్త నాసిది కాబట్టే నీ కాలు విరిగిందనుకున్నాను. వాడి ముక్కు పగిలింది. వాడి మనుషులు ముగ్గురు నన్ను గోడౌన్ వెనక పడుకోబెట్టి తొక్కారు. రెండు పక్కటెముకలు వాచి దగ్గితే ప్రాణం పోతోంది. తర్వాత తెలిసింది, స్పాంజి మంచిదే. పెద్దపెద్ద వాళ్ళ సోఫాల్లో వేసేదే.

ఇంకో సంగతి అమ్మకి చెప్పకు. నేను వెల్డింగు మానేశాను. మంట ముట్టించి, వెంటనే ఆర్పేస్తున్నాను. ఫోర్‌మన్ నన్ను లోడింగుకి మార్చాడు. ఇప్పుడు బస్తాలు మోస్తున్నాను. ఇక నా చేత్తో ఎవరి ఎముకా విరగదు.

నువ్వు కూర్చో చెల్లీ. నీకు దండం పెడతాను.

అన్నయ్య


ఆగస్టు 3

నీ బెదిరింపుకి గ్రిల్లు షాపతను షట్టరు దించుకుని నాలుగు రోజులు పనికే రాలేదు. ఇప్పుడు మా వీధిలో నా కుర్చీ కనిపిస్తే ఇనుప పని చేసేవాళ్ళంతా అటు తిరుగుతున్నారు. సంతోషమా?

సరే, ఎవరూ చేయకపోతే నేనే చేసుకుందామనుకున్నాను. మొన్న మధ్యాహ్నం షాపులో అందరూ భోజనానికి వెళ్ళినప్పుడు, కటింగ్ టేబుల్ కాలికి మందపాటి గుడ్డ మెలిపెట్టి కట్టి, రెండో కొన నడుముకి చుట్టి, చేతుల బలంతో పైకి లాక్కున్నాను. కట్టుకాలు గాల్లో. మంచి కాలని మనం చెప్పుకునేది పేగులా వేలాడుతోంది. ఐదారు క్షణాలు నిలబడ్డాను. అప్పుడు ముడి జారింది. గడ్డం టేబుల్ అంచుకి కొట్టుకుని చీలిపోయింది. ఆరు కుట్లు. నోటి నిండా రక్తంతో నేల మీద పడి ఉంటే మొదట చూసింది పొడుగోడే. నేను పెదవి చిట్లగొట్టినవాడు. రెండు చేతులతో ఎత్తి, "ఏమైంది మీ అన్నకి? ఒక స్టాండు చేయలేడా?" అని అడిగాడు. శత్రువు నోట ఆ మాట వినాల్సొచ్చింది.

నువ్వు బస్తాలు మోయడం ప్రాయశ్చిత్తం అనుకుంటున్నావేమో. నాకు అది అవమానం. నా కోసం మానేశానని చెప్పుకుంటూ తిరగకు. నేను అడిగింది అది కాదు.

నా మీద ప్రేమ ఉందంటావు. ప్రేమతో నా గ్రిల్లు షాపు మూయించావు. ప్రేమతో నా స్టాండు కోశావు. ఇంకొంచెం ప్రేమ చూపిస్తే నేను చచ్చేలా ఉన్నాను.

చీలిన గడ్డం


ఆగస్టు 14

ఏం చేశావే నువ్వు! గుడ్డ కట్టుకుని వేలాడావా? మెడ విరిగి ఉంటే? పిచ్చిదానా, పిచ్చిదానా, పిచ్చిదానా. ఎదురుగా ఉంటే రెండు చెంపలూ వాయించి తర్వాత నీ పక్కనే కూర్చుని ఏడ్చేవాణ్ణి.

పొడుగోడికి చెప్పు, స్టాండు చేయలేక కాదు. నా పనిలో తప్పు లేదు. అదే నన్ను తినేస్తోంది. తప్పు దొరికితే దిద్దుకునేవాణ్ణి. నువ్వు పంపిన కొలతల చీటీ ఇంకా నా సంచిలో ఉంది. వంద సార్లు చూసుకున్నాను. నడుము నుంచి మోకాలు ఇరవై రెండు. నడుము నుంచి కిందదాకా ముప్ఫై ఎనిమిది. అంటే నేల నుంచి మోకాలు పదహారు. సరిగ్గా పదహారు అంగుళాల దగ్గర మెత్త కట్టాను. నడుం పట్టీ ముప్ఫై ఎనిమిది దగ్గర. నూలు పోగంత తేడా రానివ్వలేదు. నమ్మకపోతే చూసుకో, చీటీ ఇందులోనే పెడుతున్నాను. నీ చేతి రాతే.

అంత సరిగ్గా చేసినది నీ కాలు విరిచిందంటే, ఇంక నేను దేన్ని నమ్మి మంట ముట్టించాలి? చెప్పు.

ఎక్కడా వేలాడనని అమ్మ మీద ఒట్టేసి రాయి.

అన్నయ్య


సెప్టెంబరు 2

అన్నయ్యా,

పైన రాశాను చూశావా? సంతోషపడకు. కింద ఉంది నీకు.

చీటీ అందింది. విప్పి చూశాను. తర్వాత నా తల నేనే టేబుల్‌కేసి కొట్టుకున్నాను. మెల్లగానే, కుట్లు ఉన్నాయి కదా.

నేను టైలర్ని. పాత పేపర్లలో నమూనాలు కోస్తూ, ఆ అక్షరాలే కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నదాన్ని. కొలత అంటే నా చేతికి ఒక్కటే తెలుసు. నడుం దగ్గర టేపు పెట్టి కిందికి దించడం, చీలమండ దగ్గర ఆపేయడం. ప్యాంటు అంచు నేల ఊడవకూడదు కాబట్టి నేలకి రెండంగుళాలు పైనే ఆగుతాం. అమ్మ నన్ను పడుకోబెట్టి టేపు పట్టుకుంటే, అలవాటు కొద్దీ "ఇక్కడ ఆపు" అన్నాను. ముప్ఫై ఎనిమిది అని రాశాను. అది ప్యాంటు పొడవు. మడమ కిందిదాకా కొలిస్తే నలభై. నిన్న అమ్మ చేత కొలిపించాను, మూడుసార్లు.

నువ్వు వెల్డర్‌వి. నీకు ఏదైనా నేల నుంచి మొదలవుతుంది. నా అంచుని నువ్వు నేల అనుకున్నావు. నా మోకాలు నేల నుంచి పద్దెనిమిది దగ్గరుంది, నీ మెత్త పదహారు దగ్గర. పట్టీ కూడా రెండంగుళాలు దిగింది. నా ఒళ్ళంతా మోకాలి కిందున్న ఒక్క ఎముక మీద ఆనింది. నాకు అక్కడ స్పర్శ లేదు. పొడవాటి పావడా కప్పి ఉంది. ఎవరూ చూడలేదు. నలభయ్యో రోజు యూనిఫారాల ఆర్డరు తొందరలో, అరగంటే నిలబడాల్సినదాన్ని నాలుగు గంటలు నిలబడ్డాను. 'పుటుక్' అని వినిపించింది. నొప్పి లేదు. "కత్తెర కింద పడిందా?" అని పక్కవాణ్ణి అడిగాను. అప్పుడు పాదం పక్కకి తిరిగి ఉండటం చూశాడు వాడు.

మొన్న డాక్టరమ్మ దగ్గరికి చీటీ పట్టుకెళ్ళాను. ఎక్స్‌రే ఫిల్ముని దీపం ముందు పెట్టి, ఎముక విరిగిన చోట నా టేపు పెట్టాను. ఆమె చాలాసేపు చూసింది. "ఎముక పలచబడిందన్నది నిజం. ముందే పరీక్ష చేయించాల్సిందన్నదీ నిజం. కానీ మెత్త సరైన చోట ఉండి, మెల్లమెల్లగా సమయం పెంచి ఉంటే ఇది జరిగేది కాదేమో" అంది. నిలబడటం ఆపమనలేదు. ఆపమంటుందని నువ్వు అనుకున్నావు, అడగలేదు. "ఎవరో మేడమ్" అని తప్పించుకోకుండా ఆ రోజే "నేనే చేశాను, ఎక్కడ తప్పింది?" అని అడిగి ఉంటే, స్టాండు ఉండగానే మెత్త ఎక్కడుందో ఆమే చూసి చెప్పేది. బహుశా నీ పక్కటెముకలూ, నా గడ్డమూ, పైపుల షాపువాడి ముక్కూ మిగిలేవి.

ఎముక అతుక్కుంటోంది. పరీక్ష చేసి మాత్రలిచ్చింది. అక్టోబరు మొదటివారం మళ్ళీ ఫోటో తీసి, బాగుంటే తన ఎదురుగానే పది నిమిషాలతో మొదలుపెట్టిస్తానంది. వ్యాయామం చేయించే ఆయన పక్కనుంటాడు. పదిహేనో తారీకుకి అరగంట నిలబడితే చాలని మాస్టరుని ఒప్పించాను. మిగతా సమయం బొత్తాలు కుడతాను. పొడుగోడు పక్కనే ఉండి గుడ్డ పరుస్తాడట. వాడి పెదవి మానింది, నోరు ఇంకా మానలేదు.

ఇక నీ సంగతి. కొలత తప్పు నాది. రాసిస్తున్నాను, దాచుకో. నీ చేతుల తప్పేం లేదు, బస్తాలు దించు. కానీ కోసినది నువ్వు. అడక్కుండా కోశావు. నేను నిద్రలో ఉండగా అటక ఒకసారి తీసుకున్న నా కాళ్ళని రెండోసారి నువ్వు తీసేసుకున్నావు. అది మాత్రం క్షమించలేదు. నువ్వు మళ్ళీ చేసేదాకా క్షమించను. చేశాక కూడా కొన్నాళ్ళు తిడతాను.

కొత్తదానికి మోకాళ్ళ మెత్తా, నడుం పట్టీ పైకీ కిందికీ జరిగేలా ఉండాలి. వరసగా రంధ్రాలు పెట్టు, బోల్టు మార్చుకునేలా. పార్సిల్ లారీలో పంపితే దించుకోను. నువ్వే తేవాలి. డాక్టరమ్మ ఎదురుగా నువ్వే మోకాళ్ళ మీద కూర్చుని, నా మోకాలు ఎక్కడుందో నీ చేత్తో తడిమి చూసి, ఆ మెత్త బిగించాలి. నాకు నీ చెయ్యి తెలియదు, అక్కడ స్పర్శ లేదు. నువ్వు చూసుకుంటే చాలు. హ్యాండిలు మాత్రం నేనే తిప్పుకుంటాను. ముట్టుకున్నావంటే గజంబద్ద.

చేస్తావా, చేయవా? ఈ నెల పన్నెండో తారీకు లోపల నీ జవాబు నా చేతికి రావాలి. దండాలూ, ఏడుపులూ వద్దు. ఒక్క ముక్క రాయి. పదమూడో తారీకు పొద్దున నేను ఆ గ్రిల్లు షాపు ముందుంటాను. ఈసారి వాడి షట్టరు నేను తీయిస్తాను.

నీ చెల్లెలు